గరిటె పెత్తనం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నువ్వు పిల్లలకి ఇంగ్లీషు చెబుతావు కదా, నాకో మాటకి అర్థం కావాలి. మా ఫ్యాక్టరీ క్యాంటీన్ గోడకి కొత్త మేనేజరు ఓ కాగితం అంటించాడు. ఇకమీదట నేను గరిటె ‘వీల్డ్’ చెయ్యకూడదట. పోయిన వారం చెయ్యి వణికి వేడి కూర ఫిట్టరు మణికట్టు మీద ఒలికిన మాట నిజమే. అంతమాత్రానికే గోడకెక్కించాలా? మీ బావ చనిపోయిన ఏడాది నేను చేతబట్టిన గరిటె అది. అదీ పోతే నాకింక ఇంటి గోడలే మిగులుతాయి.

ఇట్లు,
నీ అక్క

తా.క.: ఫిట్టరు చెయ్యి కాలిందని ఏమీ అనలేదు. ఉప్పు తక్కువైందన్నాడు.

అక్కా,

నమస్కారం. వీల్డ్ చాలా పాత మాట. మొదట్లో దానికి ఏలడం అని అర్థం. తర్వాత కత్తో గొడ్డలో చేతబట్టి వాడటానికి వచ్చింది. అధికారం చెలాయించడాన్ని కూడా అంటారు. అంటే నీ గరిటెని కత్తితో సమానం చేశారన్నమాట, బాధపడకు. నా మాట విని మా ఇంటికొచ్చెయ్.

నీ తమ్ముడు

తా.క.: ఇక్కడ గరిటె నీ మరదలి చేతిలో ఉంది. ఏలేదెవరో వేరే చెప్పాలా?

తమ్ముడూ,

బతికించావు! చెయ్యి వణికితే గరిటె పట్టలేనుగానీ ఏలడానికేం? నోరు వణకడం లేదుగా! గిన్నెలు తోమే బొద్దమ్మాయికి గరిటె ఇచ్చి, పక్కనే కుర్చీ వేసుకున్నాను. ఎవరైనా రెండో గరిటె అడిగితే అది నా మొహం చూస్తుంది. నేను తల ఊపితేనే వడ్డిస్తుంది. రాత్రి షిఫ్టు చేసినవాళ్లకీ, ఇంట్లో గొడవపడి వచ్చినవాళ్లకీ ఊపుతాను. మేనేజరుకి ఊపలేదు.

ఏలుతున్న
నీ అక్క

తా.క.: ‘మీరు మా అమ్మలాంటివారు’ అన్నాడు మేనేజరు. ‘అయితే చెప్పినమాట విను నాయనా’ అన్నాను.

అక్కా,

కొంప ముంచావు! ఏలడమన్న అర్థం ఎప్పుడో చచ్చిపోయింది. నిన్ను ఊరడిద్దామని తవ్వితీస్తే ఏకంగా సింహాసనమెక్కావు. మేనేజరు నాకు ఫోన్ చేశాడు. ఆ కుర్చీ కూడా తీయించేస్తాడట. వాళ్ల చేత పొమ్మనిపించుకోకే, నేను తట్టుకోలేను.

నీ తమ్ముడు

తా.క.: చచ్చిన అర్థాలతో బతకడం ఇంగ్లీషు పంతుళ్ల ఖర్మ. నీకెందుకది?

తమ్ముడూ,

కుర్చీ ఎవరూ తీయలేదు. నేనే లేచొచ్చేశాను.

నిన్న మధ్యాహ్నం కూచున్నచోటే కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి వరుస సగమైపోయింది. బొద్దమ్మాయి నావైపు చూడకుండానే వడ్డిస్తోంది. ఎక్కడ తప్పు చేస్తుందా అని కాచుక్కూచున్నాను. చెయ్యలేదు. రాత్రంతా మిషన్ దగ్గర నిలబడ్డవాడికి అడక్కుండానే రెండో గరిటె వేసింది. వెల్డరు వద్దు వద్దంటున్నా పళ్లెం నింపింది. ఏమిటే అంటే, వాడి బిడ్డ పొద్దుట ఆస్పత్రిలో చేరిందట. ఆ సంగతి నాకే తెలీదురా.

ఏడుపొచ్చింది. అది బాగా చేస్తున్నందుకో, నేను లేకుండా చేస్తున్నందుకో చెప్పలేను. ఆదివారం వస్తున్నాను, స్టేషనుకి రా.

ఇట్లు,
నీ అక్క

తా.క.: ఏలేవాళ్లు తమంతట తామే దిగిపోవడానికి కూడా ఇంగ్లీషులో ఓ మాట ఉండే ఉంటుంది. నాకు మాత్రం రాయకు. దాని అర్థం తెలిసింది.