మధ్యలో నేను లేనప్పుడు

ధర్మవరం, 1938, కార్తీక సోమవారం, రాత్రి.

ఇల్లు పంచుకునే గొడవతో మా ఆయనకూ మరిదికీ మాటలు లేవు. మగ్గం మాత్రం ఒక్కటే. ఈయన నేస్తుంటే అతను పక్కన కూర్చుని అంచు దారం చుట్టిన నాడెను పోగుల మధ్యకు విసరాలి.

“వదినా, అంచు బిగుస్తాండాదని ఆయప్పకు చెప్పు.”

“సరిగ్గా ఎయ్యమని వానికి చెప్పు.”

ఇన్నాళ్లూ ఆ మాటల్ని మెత్తబరిచి అటూ ఇటూ మోసింది నేనే. ఈ రోజు విసుగొచ్చి, బిందె తీసుకుని బావికని బయటికి నడిచాను. గడప దాటానో లేదో మగ్గం ఆగింది.

“అన్నా, పోగు తెగింది,” అన్నాడు మరిది.

మా ఆయన చేతిలోని నాడె పక్కన పెట్టి, “యాడ?” అన్నారు.

తొంగి చూస్తే రెండు తలలూ ఆ పోగు మీదే వంగి ఉన్నాయి. చప్పుడు చేయకుండా బావికి పోయి, కావాలనే ఆలస్యంగా వచ్చాను.

ఇంటి సంగతి తేలలేదు, ఎప్పటికి తేలుతుందో... రేపు కూడా బావి దగ్గర ఆలస్యం చేయాలి.