కాలికి కట్టిన గడియారం

అక్కా,

ఫోన్ చేస్తే బావ పక్కనే ఉంటాడని ఈ ఉత్తరం. చదివి చింపెయ్.

పొట్ట తగ్గించుకోమని నువ్వు పంపావే, అడుగులు లెక్కపెట్టే గడియారం, అది గుడ్డ కత్తిరించేటప్పుడు చేతికి అడ్డమొస్తోందని చీలమండకి కట్టుకుని కుట్టుమిషను తొక్కాను. సాయంత్రానికి ఇరవై వేల అడుగులు! కుర్చీలోంచి లేస్తే ఒట్టు. ముచ్చటేసి ఆ అంకె రోజూ మీ ఇద్దరికీ పంపుతూ వచ్చాను. అదే కొంప ముంచింది.

గుండె ఆపరేషనయ్యాక డాక్టరు ఎంత మొత్తుకున్నా గడప దాటని బావ, "ఆ పొట్టేసుకుని నీ తమ్ముడే నడుస్తుంటే నాకేం రోగం?" అంటూ రోజూ పొద్దున్నే బయల్దేరుతున్నాడని మొన్న నువ్వే చెప్పావు. పైగా ఆదివారం నాతో నడవడానికి వస్తున్నాడన్నావు!

నిజం తెలిస్తే మళ్ళీ మంచమెక్కుతాడు. అందుకే మూడు రోజులుగా పార్కు చుట్టూ నిజంగానే తిరుగుతున్నాను. రెండో చుట్టుకే నాలుక బయటికొస్తోంది.

ఆదివారం నేను వెనకబడితే, "మీ కోసమే వాడు మెల్లగా నడుస్తున్నాడు" అని బావ చెవిన వెయ్యి. ఆ మాటతో ఆయన ఇక మానడు. ఆయన మాననంత కాలం నాకూ తప్పదు.

నీ తమ్ముడు