ఆడమందు

మావా, నిన్న నీ తద్దినం పెట్టాం. ఇవాళ నా తమ్ముడు మద్రాసులో కొలువు వదిలేసి, పెట్టె పట్టుకుని గురజాల వచ్చేశాడు.

మగవాళ్ల మూత్రం దారిలో పుట్టే రాచపుండుకు, అదే క్యాన్సరుకు, మందు కనిపెట్టాలని వాడు ఎన్నేళ్లు ఎలుకల మధ్య గడిపాడో నీకు తెలుసు. నీకూ ఆ జబ్బే వస్తే, ఆ బిళ్లలు తెచ్చిచ్చాడు. "ఏం మందే ఇది?" అని నువ్వడిగావు. ఆడవాళ్ల ఒంట్లో ఊరే రసం లాంటిదని వాడు చెప్పింది గుర్తొచ్చి, "ఆడమందు" అన్నాను.

"నన్ను ఆడంగిని చేత్తారా, అక్కాతమ్ముడూ?" అని ఊసేశావు. ఆ తర్వాత ఒక్కటీ మింగలేదు, పంతం మనిషివి. వాడు బాధపడతాడని, మింగుతున్నావనే చెప్పాను.

ఇవాళ వాడు అన్నం ముందు కూర్చుని, "బావకే పనిచేయలా, ఇంకెవరికి చేసిద్దక్కా?" అన్నాడు. రాసుకున్న కాగితాలన్నీ తగలబెట్టి వచ్చాడట. వాడి కంచంలో ఇంకాస్త కూర వేశాను. నిజం చెబితే, నిన్ను చంపింది నా మాటేనని వాడికి తెలుస్తుంది.

నేను చెబుతుంటే ఇది రాస్తున్న పక్కింటి కోడలు కలం ఆపి, "మీ తమ్ముడికే చెప్పొచ్చుగా అత్తా" అంది.

"నువ్వు రాయవే. మీ మావైతే నన్ను తిరిగి ఏమీ అడగడు" అన్నాను.