ఆముదం తాగే ఇంజిన్

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే మ్యూజియం వాళ్లు మీ ఇంజిన్ స్టార్ట్ చేశారు. అదే, మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానానిది, రిటైరయ్యాక మీరు శనివారాలన్నీ ధారపోసి బాగుచేసినది. నేను నమ్మలేదు. ముసలిదాన్ని సంతోషపెట్టడానికి కొత్తది బిగించి ఉంటారనుకున్నాను. మీరు చెప్పినట్టే ప్రొపెల్లర్‌తో పాటు ఇంజిన్ మొత్తం గిరగిరా తిరిగింది. అయినా అనుమానం తీరలేదు. తిప్పడానికి ఏ మోటారైనా చాలదూ?

"ఆంటీ, వెనక్కి రండి! ఆయిల్ చిమ్ముతుంది, కోట్ పాడైపోతుంది" అని మీతో పనిచేసిన, కిచెనర్ ఊరి కిరణ్ అరిచాడు.

ఈ కాలపు ఇంజిన్లు ఆముదం తాగవని మీరే అన్నారుగా. అందుకే నేను కదల్లేదు. చేతి మీద పడ్డ చుక్కను వాసన చూశాను. ఆముదమే.

ఆ వాసనకే మీ కోటు గరాజులో విప్పించేదాన్ని. ఇవాళ ఆముదం పడ్డ నా కోటు పడగ్గదిలో తగిలించాను.