వాళ్ళు సంతకం ఎందుకు పెట్టిండ్రు

సెప్టెంబరు 1, సోమవారం

నా బిడ్డ సరిత పోయి ఇయ్యాల్టికి ఏడు నెలలు. రాయడానికి ఇంకేం లేదు.

అన్వి బడి డబ్బా కడుగుతున్న. నీలి మూతది. తల్లి ఆఫీసుకు తీసుకపోయిన డబ్బా అది. ఇప్పుడు పిల్ల తింటది. రోజూ నేనే కడుగుతా, నేనే కడతా.

సెప్టెంబరు 2, మంగళవారం

అల్లుడు గనుల నుంచి పెర్త్ ఇంటికి వచ్చిండు, ఈసారి నెల సెలవు మీద. ఎప్పుడైతే రెండు వారాలు ఆడ, ఒక వారమే ఈడ. గనుల ఆఫీసుల కంప్యూటర్ పని. అయినా బూట్ల నిండ ఎర్ర దుమ్ము. గుమ్మం ముందర దులిపిండు — అచ్చం మా ఊరి చెలక మట్టి రంగు. ఊడ్వబుద్ధి కాలే.

తిన్నంక మెల్లగ అన్నడు. "అత్తమ్మా, సిడ్నీల వేరే ఉద్యోగం దొరికింది. అన్నయ్య వాళ్ళ దగ్గర్నే, కెల్లీవిల్. రోజూ ఇంటికి రావచ్చు."

నేను పళ్ళెం ఎత్తుతున్న.

"మీ వీసా డిసెంబర్ దాకనే. తర్వాత నేను గనులకు పోతే అన్వి ఎవరి దగ్గర ఉంటది? ఈ నెలాఖరు బడి సెలవులల్లనే పోదామని..."

ఏడాది నిండలేదు నరేషూ. ఏడాది మాసికం కాలేదు — అన్న. గంతే అన్న.

"అందుకే అడుగుతున్న. మీరు ఊ అంటేనే. అన్వి కూడ అదే అంటుంది. అమ్మమ్మ ఊ అంటేనే వస్తదట."

నేను ఊ అంటే. అందరికన్న ముందు నేను.

మరి సరితను ఎవరికి అప్పజెప్పి పోతడు? అడగలే.

సెప్టెంబరు 3, బుధవారం

డైనింగ్ టేబులంత చార్టు పేపరు. అన్వి గీతలు గీస్తుంది.

"ఏంది బిడ్డా?" "హిస్టరీ, అమ్మమ్మా. అమెరికా. పీపుల్ వెంట్ వెస్ట్." తెలుగుల చెప్పు అంటే సగం సగం చెప్పింది. తూర్పుదిక్కు ఉన్న తెల్లోళ్ళు పడమటి దిక్కుకు బండ్లు కట్టుకొని పోయిండ్రంట. వేలకు వేలు. ఎందుకు పోయిండ్రు — ఒక దిక్కు రాయాలె. పోతే ఏమయింది — ఇంకో దిక్కు రాయాలె. నడుమ గీత.

ఎందుకు దిక్కు నిండింది. భూమి కోసం. బంగారం కోసం. రైలు వేసిండ్రు. దేవుడే పొమ్మన్నడట.

"ఏ దేవుడే?" అన్న. నవ్వింది. ఏడు నెలలల్ల ఆ పిల్ల నవ్వుడు ఇది మూడోసారేమో.

ఆడ ముందే మనుషులు లేరా అన్న. "ఉన్నరు. బట్ వీళ్ళు ఎంప్టీ అనుకున్నరు." ఖాళీ అనుకున్నరట. మా ఊరికి డ్యాం కొలతలోళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ కాయితంల మా బొందలగడ్డ మీద గట్లనే రాసి ఉండె. ఖాళీ జాగ. మా ఆయన అండ్లనే పండుకొని ఉన్నడు గప్పుడు.

సెప్టెంబరు 4

అడవి దున్నలను చంపి కుప్పలు పోసిండ్రంట. తినడానికి కాదంట. దున్నలు లేకపోతే తిండి ఉండదు, తిండి లేకపోతే ఆడి మనుషులు వాళ్ళంతట వాళ్ళే లేచి పోతరని.

మా ఊరికి ముందు బస్సు బంద్ పెట్టిండ్రు. తర్వాత బడి. తర్వాత కరెంటు. ఎవ్వరూ మా మీద చెయ్యి వెయ్యలే.

సెప్టెంబరు 6, శనివారం

పక్క సందుల డాక్టరమ్మ గుడాలు... కాదు, ఆమె భాషల గుగ్గిళ్ళు తెచ్చింది. మంచామె. కాకినాడ దిక్కు. సోఫాల కూసొని, "నరేష్ చెప్పాడాంటీ, సిడ్నీ అంట కదా, మంచి నిర్ణయం" అన్నది.

తర్వాత గొంతు తగ్గించి — "మీలో పాతిపెడతారా ఆంటీ? నాకు తెలీదు. దహనమైతే బాగుండేది కదా, అస్థికలు ఎక్కడికైనా తీసుకెళ్ళిపోవచ్చు."

మాలో గింతే అమ్మా అన్న. మా అత్త, మా మామ, మా ఆయన, అందరూ మట్టిలకే పోయిండ్రు. నా బిడ్డ కూడ దవాఖానల అదే అడిగింది. నన్ను కాల్చకుండ్రి అమ్మా, భయమైతది.

తీసుకెళ్ళిపోవచ్చు అంట. నా బిడ్డ సామానా.

గుగ్గిళ్ళు మంచిగున్నయ్. తిన్న. తిన్నందుకు సిగ్గయింది.

సెప్టెంబరు 7, ఆదివారం

సరిత దగ్గరికి పోయినం. ఆడ బొందలు కూడ ఆఫీసు లెక్క ఉంటయ్. గడ్డి సాపు. దిబ్బ లేదు. నేలకు సమానంగ చిన్న రాతి పలక, పేరు. దీపం పెట్టొద్దు. పూలు వాడితే వాళ్ళే తీసేస్తరు. ఆ జాగ కూడ కొన్నేండ్లకే రాసిచ్చిండ్రంట, మళ్ళ రాయించుకోవాలె. "రెన్యూ చేస్తా అత్తమ్మా, ఎక్కడున్నా చేస్తా" అంటడు.

మట్టి కాదు ఇది. బూడిద రంగు ఇసుక. పిడికిట్ల నిలవదు.

మా ఆయన బొంద మట్టి తెచ్చుకున్న నేను. ఎర్ర బట్టల మూటగట్టి. ఊరు మునిగిన్నాడు తీసిన మట్టి. కాలనీ ఇంట్ల దేవుని పటం ఎనక ఆరేండ్లు ఉన్నది. సరితకు బాగలేదని వచ్చేటప్పుడు సంచిల పెట్టుకున్న — తండ్రి పక్కన ఉంటే ఏం కాదని.

ఆమెనే ఫోన్ల చెప్పింది. అమ్మా, ఎయిర్‌పోర్టుల అబద్ధం రాయకు, ఏముంటే అది చూపెట్టు. మట్టిని ఏమంటరో కూడ నేర్పింది. సాయిల్ అని నేనే చెప్పిన. నేనే మూట ఇప్పిన. బుద్ధిగ.

ఆ ఆఫీసరమ్మ చేతులకు తొడుగులేసుకొని తీసుకున్నది. "సారీ, డార్లింగ్" అన్నది. ముద్దుగనే అన్నది. డబ్బాల వేసింది. మూత పడింది.

ఇందరు మనుషులు ఇన్ని ఓడల మీద దిగిన దేశం. నా పిడికెడు మట్టికి జాగ లేదు.

సెప్టెంబరు 9

"బడిల చెప్తరు అమ్మమ్మా, ఈ నేల ముందు నుంచి ఈన్నే ఉన్న నూంగార్ వాళ్ళదని. ఎవ్రీ అసెంబ్లీ."

"చెప్పి?"

"చెప్పి కూసుంటం."

పెన్సిలు చెక్కుకుంట మళ్ళ అన్నది. "సో మనం కూడ ఆ బండ్ల మీద వచ్చినోళ్ళమే కదా?"

నన్ను అడుగుతది. నేను వీసా మీద వచ్చిన దాన్ని. కాని నా బిడ్డ నిజంగనే బండి కట్టింది. ఆ ఇసుకల ఇల్లు కట్టుకున్నది. అండ్లనే పండుకున్నది.

సెప్టెంబరు 10, బుధవారం

చార్టు రెండో దిక్కు నింపుతుంది. ఒప్పందాలు తప్పిండ్రు. నడిపిస్తూ తోలిండ్రు. తొవ్వల సచ్చిండ్రు, పిల్లలు కూడ. కింద టీచరు ఒక ప్రశ్న ఇచ్చిందంట. ఆ మనుషులు నేల రాసిచ్చే కాయితాల మీద సంతకం ఎందుకు పెట్టిండ్రు?

"అదే నాకు తెల్వట్లే అమ్మమ్మా. తెలిసి కూడ సంతకం పెట్టిండ్రు. వర్ దే స్టుపిడ్?"

పప్పు మాడింది. లేచి పోయిన.

సెప్టెంబరు 11

స్టుపిడ్ అంట.

సెప్టెంబరు 13, శనివారం

పిల్లకు చెప్పలే. ఈ బుక్కుల రాస్త.

డ్యాంకు భూములిచ్చే కాయితం మీద మా ఊర్ల మొదటి సంతకం నాది. అయిదో తరగతి చదివిన నాది. ముసలోళ్ళు వేలిముద్ర, నేను మాత్రం పేరు రాసిన — సక్కగ, వంకర లేకుండ. అప్పటికి ఎవ్వరూ ఇయ్యమనే అంటుండ్రు. గ్రామపంచాయితి ముందర టెంటు వేసుకొని కూసున్నం, ఆడోళ్ళమే ఎక్కువ. నేనూ కూసున్న నలభై రోజులు.

గప్పుడే సరితకు పెర్త్ నుంచి సీటొచ్చింది. ఫీజు కట్టాలె. గడువు ఉన్నది. "వద్దులే అమ్మా, వచ్చే ఏడు చూద్దాం" అన్నది పిల్ల. మొఖం చూస్తే తెలుస్తలేదా నాకు.

తెల్లారి పోయి పెట్టిన. టెంటు ముందర నుంచే పోయిన.

టెంట్ల నా పక్కన కూసునే మల్లవ్వ ఏమన్నదంటే — "నువ్వు పెట్టినంక ఇంక మేమెందుకే కూసునుడు?" తిట్టలే. తిడితే బాగుండు. వారం రోజులల్ల సగం ఊరు పెట్టింది.

ఆ సంతకం పైసల మీదనే నా బిడ్డ విమానం ఎక్కింది. ఈ దేశం వచ్చింది. పెండ్లి చేసుకున్నది, పిల్లను కన్నది, ఇల్లు కొన్నది. రొమ్ముల గడ్డ వచ్చింది. ఇసుకలకు పోయింది.

ఎందుకు, ఏమయింది. నడుమ ఒక్క గీత. నా చేతి గీత.

సెప్టెంబరు 14, ఆదివారం

చెప్పిన. మొత్తం చెప్పిన, కొత్తిమీర తుంచుకుంటనే. అన్వి పెన్ను పట్టుకొని కూసున్నది. ఏడుస్తదనుకున్న. ఏడ్వలే.

ఊరి ఆఖరి రోజు సంగతి గూడ అడిగింది. చెప్పిన — సంతకాలైన ఎన్నో ఏండ్లకు, డ్యాం నీళ్ళు వస్తున్నయని అందరం బొందలగడ్డకు పోయినం. ఎవరి పెద్దల దగ్గర వాళ్ళు కూసొని ఏడ్చినం. ఆ ఆఫీసరు మంచోడు. "పెద్దల గుర్తుగ తలా పిడికెడు మట్టి తీసుకపోండమ్మా" అన్నడు. తీసుకున్నం. తీసుకున్నంక ట్రాక్టర్లు ఎక్కినం.

"దట్స్ సో బ్యూటిఫుల్ అమ్మమ్మా," అన్నది.

ప్రశ్న కింద ఏం రాసినవే అంటే చదివి తెలుగు చేసింది. "ఎందుకంటే తిండి, బస్సు, బడి ముందే పోయినయ్. ఎందుకంటే నమ్మిన మనిషి ముందు పెట్టింది." నా పేరు రెండో దిక్కు రాసింది — నష్టపోయినోళ్ళల్ల.

కాదు బిడ్డా, ఈ దిక్కు రాయి. ఎందుకు దిక్కు.

"రెండు దిక్కుల రాస్త," అన్నది. రాసింది.

సెప్టెంబరు 17

ఇల్లు కొంటమని చూడడానికి ఎవరో జంట వచ్చిండ్రు. ఆమెకు ఏడో నెలో ఎనిమిదో. సరిత పెట్టిన కర్రేపాకు చెట్టును ముట్టుకొని చూసింది. లోపలికొచ్చిన.

నరేష్ అడగలే. చూస్తడు. రోజూ చూస్తడు.

సెప్టెంబరు 19, శుక్రవారం

అడిగిన, నేనే. నీకు అంత తొందరేందయ్యా. నోటికొచ్చింది అన్న. నీకు ఉద్యోగం ముఖ్యం, అన్న ముఖ్యం, ఆమె ఎవరు నీకు — అన్న.

అల్లుడు బీరువ దిక్కు చూపెట్టిండు. సరిత బీరువ. "ఏడు నెలలు అత్తమ్మా. అది తెరవలేదు నేను. గనులల్ల ఉన్నన్ని రోజులే నిద్ర పడ్తది నాకు. ఇంటికొస్తే దానికే మొఖం చేసి తెల్లారేదాక కూసుంట."

చెంపల మీద నీళ్ళు. తుడుసుకోలే. మొగోడు గట్ల ఏడిస్తే ఏడ చూడాలె.

కోపమన్న మిగలనియ్యడు.

సెప్టెంబరు 21, ఆదివారం. పెత్రమాస

సరిత పేరు మీద మొదటి పెత్రమాస, పోయినోళ్ళకు పెట్టే అమాస. పొద్దుగాల్నే లేచి వండిన. పప్పు, గారెలు, ఆమెకిష్టమైన బెండకాయ. ముగ్గురం పోయినం. పలక పక్కన ఆకుల పెట్టిన. కాకి రావాలె. ఇక్కడి కాకులు చంటిపిల్ల ఏడ్చినట్టు అరుస్తయ్. ఒకటొచ్చింది. గారె ఎత్తుకపోయింది. బెండకాయ ముట్టలే. సరితైతే ముందు అదే తినేది.

ఏదో పార్కుల ఇయ్యాల బతుకమ్మ మొదలంట. డాక్టరమ్మ మెసేజ్ పెట్టింది, "మీరు రాలేరు కదాంటీ". మరి ఎందుకు పెట్టినట్టు.

నేను కండ్లు మూసుకొని ఉన్న. తెరిచేసరికి అన్వి మోకాళ్ళ మీద కూసొని ఉన్నది. గడ్డి అంచు లేపి చెంచతోని తోడుతుంది. పక్కన డబ్బా. నీలి మూతది.

"ఏం జేస్తున్నవే?"

"నువ్వే చెప్పినవ్ కదా. తీసుకపోవాలె కదా, పోయేముందు."

 ఇసుక జారుతుంది. మళ్ళ తోడుతుంది. నరేష్ వంగి గడ్డిని పట్టుకున్నడు ఆమెకు అడ్డం కాకుండ.

సెప్టెంబరు 22

ఆ ఆఫీసరు ఎందుకు మట్టి తీసుకపొమ్మన్నడో ఇప్పుడు తెలుస్తుంది. చేతుల మట్టి లేకుంటే మేము లేచేటోళ్ళం కాదు. వాళ్ళను వెంట తీసుకపోతున్నమనుకున్నం. పిడికిలి మూసుకొని ట్రాక్టరెక్కినం. ఎనక్కి చూడలే ఎవ్వరూ.

ఆ ముచ్చట ఆ పిల్లకు చెప్పింది నేనే. వదిలిపెట్టుడు ఎట్లనో నేర్పింది నేనే.

పారబోద్దామని డబ్బా పట్టుకొని పెరట్లకు పోయిన. పారబోయలే. బిడ్డ కదా. తెచ్చి పొయ్యి పక్కన గట్టు మీద పెట్టిన. పిల్లకు బడి క్యాంటీన్ల తినమని పైసలిచ్చి పంపుతున్న.

సెప్టెంబరు 23

చార్టుకు మంచి మార్కులు వచ్చినయంట. టీచరు కింద రాసింది — మీ అమ్మమ్మకు థాంక్స్ చెప్పు.

సెప్టెంబరు 24, బుధవారం

ఆ జంట ఇల్లు తీసుకుంటరంట. నరేష్ కాయితాలు టేబుల్ మీద పెట్టి, పక్కన కూసున్నడు. ఆయన సంతకమే కావాలె, నాది కాదు. అయినా పెన్ను మూత తియ్యకుండ నా దిక్కే చూస్తుండు. అన్వి మెట్ల మీద. ఆమె చూపు గూడ నా మీదనే.

"అత్తమ్మా?"

అన్నం ఉడుకుతుంది, చూసొస్తా అని లేచిన.

ఇంకా ఈన్నే ఉన్న, పొయ్యి ముందర. రేపు బడి ఉన్నది పిల్లకు. డబ్బా కట్టాలె.

గట్టు మీద ఉన్నది ఒక్కటే డబ్బా, ఇసుకతోని.