నూతి సీను దగ్గర అతుకు

ఫిబ్రవరి 3, 2024, శనివారం

ఇవాళ నాయన నా లాప్‌టాప్ చూసి నవ్వాడు. దుబాయ్ ఆ చివర జెబెల్ అలీలో వ్యాన్ డ్యూటీ ముగించి వచ్చి, కాళ్ళైనా కడుక్కోకుండా నా కుర్చీ వెనక నిలబడి నవ్వాడు. గీతలు ఇట్టా పడవు మా, అన్నాడు.

నేను చూస్తున్నది ఫిల్మ్ క్లాసులో చూడమన్న ఇంగ్లీషు సినిమా. పూర్వం కొన్ని హాళ్ళలో ఒకే టికెట్టు మీద రెండు చవక సినిమాలు వేసేవారట. దెయ్యాలు, రక్తం, సగం బట్టలు. ఇప్పుడు పెద్ద డైరెక్టర్లు వాటికి హోమేజ్ అని కోట్లు పెట్టి చవకగా కనిపించే సినిమాలు తీస్తున్నారు. కొత్త డిజిటల్ బొమ్మ మీద కంప్యూటర్‌తో గీతలు గీస్తారు. రీలు తెగినట్టు తెర తెల్లబడుతుంది. క్లాసులో కొంత ముక్క చూపిస్తే అందరం చప్పట్లు కొట్టాం.

పెళ్ళికి ముందు నాయన నెల్లూరు పక్కన ఒక టూరింగ్ టాకీస్‌లో ఆపరేటర్. ఇంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ గంటసేపు చెప్పాడు. గీతలు రీలు మొదట్లో, చివర్లో ఎక్కువట, మధ్యలో తక్కువట. రీలు నడిచే గేటు, వెలుగిచ్చే కార్బన్ కడ్డీ, తెగిన ముక్కల్ని కలిపే అతుకు. కొత్త మాటలన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించాను. మాటలు ఇంత రుచిగా ఉంటాయని ఈ ఏడే తెలిసింది.

అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆమెకి సినిమా పడదు.

ఫిబ్రవరి 4

హోమేజ్‌కి డిక్షనరీలో నివాళి అని ఉంది. బాగుంది.

ఫిబ్రవరి 9, శుక్రవారం

మా గ్రూపుకి షాహుల్ డైరెక్టర్. స్టూడెంట్ ఫెస్టివల్‌కి మేమూ అలాంటి డబుల్ ఫీచర్ తీస్తున్నాం. పది నిమిషాలవి రెండు. దెయ్యం సినిమా తెలుగులో, రాసేది నేను. నాయన మా టెక్నికల్ కన్సల్టెంట్. టైటిల్స్‌లో 'శ్రీ బుడేన్ సాహెబ్' అని వేస్తానని షాహుల్ ఫోన్లో చెప్తే, నాయన లేచి వెళ్ళి షర్టు మార్చుకుని వచ్చాడు. ఫోన్లోనే కదా అని నేను ఏడిపించాను.

అమ్మ మాత్రం మీ నాయన్ని నవ్వులపాలు చెయ్యొద్దు అంది. తర్వాత ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. పెళ్ళికి ముందు తన మీద ఒక నింద పడిందట. ఊరంతా ఒక పక్క నిలబడితే నాయన ఒక్కడే తన పక్క నిలబడ్డాడట. ఏం నింద అంటే ఎప్పటిలాగే చెప్పలేదు. ఆ మాట అనేటప్పుడు అమ్మ ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంటుంది.

ఫిబ్రవరి 11, ఆదివారం

లొకేషన్ చూడటానికి నాయన వ్యాన్‌లో వెళ్ళాం. ముందు సీట్లో షాహుల్, వెనక నేను. కాసేపటికి నాయన నేనున్నానని మరిచిపోయాడు.

జనం రాకపోతే ఓనరు 'బిట్టు' వెయ్యమనేవాడట. వేరే ఎక్కడిదో స్నానం సీను ముక్క తెచ్చి సినిమా మధ్యలో అతికించడం. ఒకసారి ఒక దెయ్యం సినిమా ఆడుతోంది. తడి జుట్టుతో దెయ్యం నూతిలోకి దిగుతూ ఎడమ పక్కకి తిరుగుతుంది. ముఖం తిరిగిన చోట కోసి, బిట్టు పెట్టాడట. ఫిల్మ్ అతికించే సొల్యూషన్ అయిపోయి టేపుతో అతికించాడట. వారం హౌస్‌ఫుల్. తల ఒకరిది, ఒళ్ళు ఇంకొకరిది అన్నాడు. షాహుల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నాయన నవ్వలేదు. ఎందుకు చెప్పానా అన్నట్టు రేడియో పెట్టాడు.

ఫిబ్రవరి 14

నూతి సీను రాశాను. తెల్లచొక్కా ఆపరేటర్, కత్తెర, టేపు. నేను రాసినవాటిలో ఇదే బెస్ట్.

ఫిబ్రవరి 16, శుక్రవారం

షూట్ చేశాం. లైట్ పట్టుకున్నవాడు కూడా నవ్వి ఫ్రేమ్ కదిపాడు.

ఫిబ్రవరి 18, ఆదివారం, మధ్యాహ్నం 3

అమ్మకి సీను చదివి వినిపించాను. గర్వం, అంతే. ఇంకో కారణం లేదు.

ఆమె చిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది. నూతి దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. దెయ్యం ఎడమ పక్కకేనా తిరిగేది అని అడిగింది. అవునన్నాను. అతికించింది ఎవరు అని అడిగింది. నాయనే, ఓనరు చెప్తే టేపుతో అతికించాడట అని నవ్వుతూ చెప్పాను.

"బెజవాడ నుంచే అట్టా వచ్చిందన్నాడే," అంది.

సాయంత్రం 6

ఆ దెయ్యం అమ్మ.

పంతొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ ఊరి పొలిమేరలో షూటింగ్ జరిగిందట. పొడుగు జుట్టు పిల్ల కావాలన్నారట. రెండు రోజులు పని, ఒక కొత్త చీర. తర్వాత ఆ సినిమా టూరింగ్ టాకీస్‌కి వచ్చింది. బిట్టులో ఉన్నది కూడా అమ్మే అని ఊరు ఊరంతా నమ్మింది. నిశ్చయమైన సంబంధం పోయింది. సొంత అన్న ఆమె చేతి నీళ్ళు తాగడం మానేశాడు.

అప్పుడు ఆపరేటర్ ఒకడు ఫిల్మ్ ముక్క పట్టుకుని ఇంటికి వచ్చాడు. తాత ముందు ఎండకి ఎత్తి చూపించాడు. ఇదిగో అతుకు, పైన మీ అమ్మాయి, కింద వేరే మనిషి, రీలు బెజవాడ డిస్ట్రిబ్యూటర్ దగ్గర నుంచే ఇట్టా వచ్చింది అన్నాడు. నెల తర్వాత ఆమెనే పెళ్ళి చేసుకుంటానని వచ్చాడు.

ఇదంతా చెప్పేటప్పుడు అమ్మ ఏడవలేదు. చివర ఒక్క మాట అంది.

"ఒక్కడు నన్ను నమ్మినాడని ఇరవై నాలుగేళ్ళు బతికినా. నమ్మేదేముంది ఫైజా. ఆయనకి తెలుసు."

ఫిబ్రవరి 19

మూడు పూటలా వండింది. రాత్రి నాయనకి వడ్డిస్తూ, ఆ అతుకు వేసింది మీరేనంట గదా అంది.

ఫిబ్రవరి 21, బుధవారం

డ్యూటీ అయ్యాక నాయన పైకి రావడం లేదు. కింద వ్యాన్‌లో కూర్చుంటున్నాడు. టీ తీసుకెళ్ళాను. ఎందుకు అబద్ధం చెప్పావని అడిగాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"చెప్పేద్దామనే పోయినా మా. అతుకు చూపించంగానే మీ తాత నా చేతులు పట్టుకుని ఏడ్చినాడు. ఇంక నోరు రాలా."

జాలిపడే పెళ్ళి చేసుకున్నావా అని అడగబోయి మానేశాను. అమ్మ ఆ ప్రశ్న అడుగుతుంది. జవాబేదో ఆయన ముందుగా ఆమెకే చెప్పాలి.

నేను చదవకపోతే ఇది జరిగేది కాదు. అప్పుడు అమ్మ ఆ చిన్నపిల్ల ముఖంతోనే ఉండేది. అది మంచిదా? తెలియదు. మూడు రోజులుగా ఏ కొత్త మాటా రాసుకోలేదు.

ఫిబ్రవరి 24, శనివారం

ఆ సీను తీసెయ్యమని షాహుల్‌కి ఫోన్ చేశాను. కారణం చెప్పలేదు. అది అమ్మది, నేను చెప్పేది కాదు. జ్యూరీ నవ్వేదే అక్కడ, ఖలాస్, ఎడిట్ అయిపోయింది, సోమవారం పన్నెండుకి అప్‌లోడ్ అన్నాడు. అయినా ఇది నివాళే కదా అన్నాడు. ఎవరికి అని అడిగాను. వాడు చెడ్డవాడు కాదు. ఆలోచించాడు. రేపు మాట్లాడదాం అన్నాడు.

ఫోన్ పెట్టేసి చూస్తే అమ్మ గుమ్మంలో ఉంది.

ఫిబ్రవరి 25, ఆదివారం

అమ్మ సినిమా చూస్తానంది. ఆ ముక్క ఒక్కటే కాదు, మొదటి నుంచి. తను చూడకుండా ఎవరూ ఏమీ కొయ్యొద్దంది. షాహుల్‌కి తనే ఫోన్లో చెప్పింది. వాడు సరే ఆంటీ అన్నాడు.

వ్యాన్‌లో దింపుతానని నాయన గుమ్మం బయట నుంచే అడిగాడు. అమ్మ వద్దంది.

రేపు పొద్దున ఎనిమిదింటి బస్సుకి మేమిద్దరం వెళ్తున్నాం. ఎడిట్ రూమ్‌లో షాహుల్ పక్క కుర్చీ అమ్మకి. ఎక్కడ కొయ్యాలో ఆమె చెబుతుంది.