అమ్మ చింతపండుతో తోమిన సీడీ

అన్నా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి రెండేండ్లు కావొస్తోంది. ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయలేదంటే మరిచిపోయానని కాదు... కోపం. తగ్గాక రాద్దామని చూశాను. తగ్గేలా లేదు, అందుకే కోపంతోనే రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. నువ్వు పోయిన కొన్నాళ్లకే మన రాష్ట్రం మనకు ఇస్తామని ప్రకటించారు. మెదక్ చౌరస్తాలో రంగులు చల్లుకున్నాం. నెల తిరగకముందే, అందరితో మాట్లాడాలి, ఆగండి అన్నారు. ఇంకా ఆగుతూనే ఉన్నాం. ఇప్పుడు సమ్మె. ఆఫీసులు లేవు, బడులు లేవు, బస్సులు డిపో దాటవు, కరెంటు దాని ఇష్టం. "జర ఆగు" అనేది నీ మాట కదా? ఢిల్లీ వాళ్లకు ఎవరు నేర్పారు?

నీ ఇంటర్నెట్ సెంటర్ నేనే నడుపుతున్నాను. అవే కంప్యూటర్లు. హైదరాబాదులో ఏదో ఆఫీసు పారేస్తుంటే నువ్వు గడ్డిలో పెట్టి వ్యానులో తెచ్చావే, అవే. కొత్త విండోస్ వేస్తే ముక్కుతూ మూలిగేవి. దొంగ కాపీ అయినా సరే పాతది వేద్దామని అందరూ అన్నారు. నువ్వు వింటేనా? "అడిగితే ఇచ్చేటోళ్లుండంగ దొంగతనమెందుకే చెల్లె?" అన్నావు.

అట్లా వచ్చింది మన ఇంటికి, విండోస్ బదులు, లినక్స్. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికైనా నకలు తీసి ఇవ్వచ్చు, అడిగేవాడు లేడు. ఒక్కో దేశంలో ఒక్కో గుంపో కంపెనీయో దాన్ని ఒక్కో తీరుగా కట్టి పంచుతుందని నువ్వే చెప్పావు. మనకు దొరికిన దానిమీద నీలం పిట్ట బొమ్మ ఉండేది. దాని అసలు పేరు మెదక్‌లో ఒక్కరికీ నోరు తిరగలేదు. పిట్ట అన్నాం, పిట్టే అయింది. ఆ ముసలి పెట్టెలు పిట్టతోనే లేచి నడిచాయి.

నువ్వు ఊరుకుంటావా? దాంట్లో తెలుగు అక్షరాలు పెట్టావు, అప్లికేషన్లు నింపే పిల్లలకు కావలసినవన్నీ పెట్టి నీదే ఒక పిట్టను తయారు చేశావు. మిషన్ లేవడం ఆలస్యమని జనం విసుక్కుంటే, లేచేలోపు తెరమీద నీ మాటే కనబడేలా చేశావు. "జర ఆగు, వస్తున్న." అది చదివి నవ్వనివాడు లేడు.

దాన్ని సీడీ చేసి అడిగినవాళ్లకల్లా ఇచ్చావు. ఒకటే షరతు. తీసుకున్నవాడు రెండు నకళ్లు తీసి ఇంకెవరికైనా ఇవ్వాలి. నేను సణిగితే ఏమన్నావో గుర్తుందా? "పెరుగుకు తోడడిగితే అమ్మ ఎన్నడన్న లేదన్నదా? గిదీ గంతే. ఇస్తె ఒడువది."

ఒడవదట! ఒడిసిందిగా అన్నా, అయిపోయిందిగా.

నువ్వు ఉండగానే ఆ పిట్ట కంపెనీ మూతపడింది. నెట్‌లో ఒక పేజీ పెట్టారు. ఇన్నేండ్లు మాతో నడిచినందుకు ధన్యవాదాలు, ఇక కొత్తవి రావు, సెలవు. అంతే. వాడేవాళ్లున్నారు గానీ కొనేవాళ్లు లేరట. నాకు నాయిన పనిచేసిన ఫ్యాక్టరీ గేటుకు అంటించిన కాగితం గుర్తొచ్చింది. అది కూడా ఇంతే మర్యాదగా ఉంది. నష్టాలట, ప్రైవేటు వాళ్లకు అమ్మారట, ఇన్నేండ్ల సేవకు కృతజ్ఞతలట. నాయిన ఆ గేటు ముందు టిఫిన్ డబ్బాతో నిలబడి ఇంటికి తిరిగొచ్చాడు. మళ్లీ ఎక్కడా పనికి కుదరలేదు. అమ్ముడుపోనిదల్లా చావాలని ఎవరు రాసిపెట్టారు? ఆ రాసేవాళ్లకు ఇంత మంచి మాటలెట్లా వస్తాయి?

నేను పళ్లు కొరుకుతుంటే నువ్వు నవ్వావు. "ఆళ్లిచ్చినన్ని దినాలు ఇచ్చిండ్రు గద. ఆపితే ఆపిండ్రు, మన తాన తోడున్నది." నీకు కోపం రాకపోవడమే నాకు మహా కోపం. అప్పుడూ, ఇప్పుడూ.

జ్వరం వచ్చినప్పుడూ అంతే కదా? ఒళ్లు కాలిపోతుంటే దవాఖానకు పోదాం పద అని నేను, అమ్మ మొత్తుకున్నాం. కుల్చారం నుంచి వచ్చిన పిల్లగాడి కంప్యూటర్ విప్పుకొని కూర్చున్నావు. పరీక్ష ఉందట వాడికి. "జర ఆగు చెల్లె, గిదొక్కటి అయితె పోదం." అది అయింది. వాడు పాసయ్యాడు కూడా. హైదరాబాదు తీసుకుపోయేసరికి డాక్టరు మమ్మల్నే తిట్టాడు, ఇన్ని రోజులు ఏం చేస్తున్నారని. మేమేం చేస్తున్నాం? ఆగుతున్నాం!

సరే, అసలు సంగతికి వస్తాను. ఈ సమ్మెలో కరెంటు వచ్చి పోయి, వచ్చి పోయి, నీ మిషన్ల డిస్కులన్నీ పోయాయి. ఒక్కటీ లేవలేదు. వేరే పాత డిస్కులు తెచ్చి బిగించాను, అది నువ్వే నేర్పావు. ఇక పిట్టను ఎక్కించడమే. సెంటర్ ఉన్న షట్టర్ చిన్నాయనది కదా, దీపావళిలోపు మిషన్లు నడవకపోతే తూకానికి వేసి చోటు ఖాళీ చేయమన్నాడు. ఫోన్లు రీఛార్జి చేసే దుకాణం పెట్టిస్తాడట.

నీ సీడీ కోసం బీరువా తీశాను. లేదు. పూజ దగ్గర ఉంది.

నిరుడు నీ ఏడాది తీరలేదని ఇంట్లో పండుగ లేదు. ఈసారి దసరాకు అమ్మ నీ పనిముట్లన్నీ పూజలో పెట్టింది. నీ స్క్రూడ్రైవర్, టెస్టర్, సీడీ. మెరిసే సామాను మాసిపోయిందని, ఇత్తడి దీపాలతోపాటు సీడీని కూడా చింతపండు, బూడిద వేసి తోమింది. తోమి, కడిగి, తుడిచి, మెరిసేవైపు పసుపు కుంకుమ బొట్లు పెట్టింది. మిషన్‌లో పెడితే గిర్రుమంది, ఊరుకుంది.

అరిచానన్నా. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. ఆరోజు నుంచి అమ్మ నీ వస్తువు ఒక్కటి ముట్టలేదు, సెంటర్ గడప తొక్కలేదు.

కంపెనీ వాళ్ల పేజీ కూడా ఇప్పుడు తెరుచుకోదు. ఉన్నా ఏం లాభం, నీ మాటలు వాళ్ల దగ్గర ఉంటాయా? నీ దగ్గర సీడీ తీసుకున్నవాళ్లందరికీ ఫోన్లు చేశాను. ఒకడు టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. ఒకడి ఆటో వెనక వేలాడుతోంది. శంకరంపేటలో నీ దోస్తు లేడూ, జొన్నచేనులో తాడుకు కట్టాడు, పిట్టలు బెదరాలని. పిట్ట సీడీతో పిట్టల్ని తోలుతున్నాడు! ఒక్కడన్నా రెండు తీసి ఇచ్చాడా? ఇట్లాంటి వాళ్ల కోసమా ఒళ్లు కాలుతుంటే కూర్చున్నావు?

మళ్లీ ఎవరికీ ఏదీ ఇవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

నాలుగు రోజుల కింద చేగుంట సత్తయ్య వచ్చాడు. ఫోటో స్టూడియో సత్తయ్య, నీ దండ ఫోటో పెద్దది చేసి ఇచ్చినాయన. అతను సీడీ నీ దగ్గర తీసుకోనేలేదట. నువ్వు ఇచ్చినవాడెవడో ఇంకొకడికి ఇస్తే, వాడు ఇతనికి ఇచ్చాడు. పెళ్లి సీడీల మధ్య కవరులో భద్రంగా పెట్టుకున్నాడు. నేను వెతుకుతున్నానని తెలిసి, బస్సులు లేవని స్కూటర్ మీద వచ్చాడు. సీడీ చేతిలో పెట్టి, తను కూడా రెండు తీసి ఇచ్చానని చెప్పాడు.

ఎక్కించాను. మళ్లీ మొదలుపెట్టి చూశాను. నల్ల తెర. తరువాత నీలం పిట్ట. తరువాత నీ మాట.

పరుగెత్తి అమ్మను పిలిచాను. గడప దగ్గరే నిలబడింది. తెరమీద ఏం రాసి ఉందని అడిగింది. చదువు రాదు కదా. అన్న రాసిందే అమ్మా, జర ఆగు, వస్తున్న అని ఉంది... అని చదివాను. అమ్మ లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని, తెర ముందు కూర్చుంది.

మిషన్ లేచింది. నీ మాట పోయింది. అమ్మ లేవలేదు.

ఏం చెప్పమంటావు నేను? ఎంతసేపు ఆగమని చెప్పాలి?

మిషన్లన్నీ నడుస్తున్నాయి. చిన్నాయన చూసి వెనక్కి పోయాడు. తోడు అడిగితే ఇస్తాను, ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. దవాఖాన పని మాత్రం ఇక ఎవరు ఆగమన్నా ఆగను, నీలాంటి వాళ్లను మెడపట్టి తీసుకుపోతాను. తెరమీద నీ మాట తీసెయ్యమని కోపం చెబుతోంది. తీసెయ్యను. అబద్ధమని తెలుసు, అయినా ఆ మాట కోసం రోజూ పొద్దున అమ్మ నాకంటే ముందు తయారై సెంటర్‌కు వస్తోంది.

కోపం పోని నీ చెల్లె,
స్వరూప